ఏం నచ్చలేదో చెప్పి పో

వాగు మీదికి వాలిన తుమ్మచెట్టుకి ఒక గిజిగాడు గడ్డిపోచలతో సగం గూడు అల్లాడు. ఆడపిట్ట వచ్చి చూసి సరేనన్నాకే మిగతా సగం అల్లడం గిజిగాళ్ల ఆచారం. వానలు దగ్గరపడ్డాయి. ఈలోపు ఎవరూ ఒప్పుకోకపోతే ఈ ఏడు అతనికి సంసారం లేనట్టే.

ఒక ఆడపిట్ట వచ్చి లోపలికి తొంగిచూసింది, గూడుని ముక్కుతో లాగింది, ఎగిరిపోయింది. గిజిగాడు ఇంకా గట్టిగా పాడాడు. ఇంకొకతె వచ్చింది. ఆమె కూడా లాగి చూసి పోయింది.

చెట్టు మాను మీద తొండ తల ఊపుతూ అడిగింది. "ఏం బావా, ఎందుకు పోతున్నారంటావు?"

"వాళ్లకి పొగరు."

"వాళ్లని అడిగావా?"

"వద్దని పోయేవాళ్లని అడగడమా! సిగ్గు కాదూ?"

"ఏమో, నాకైతే తెలుసుకోకపోతే నిద్ర పట్టదబ్బా," అంది తొండ.

మర్నాడు మరొక ఆడపిట్ట గూడుని లాగి చూసి రెక్కలు విప్పబోయింది. గిజిగాడు పాట ఆపేశాడు. సిగ్గు విడిచి అడిగేశాడు. "పోతే పోదువుగానీ అమ్మాయీ, ఏం నచ్చలేదో చెప్పి పో."

ఆమె ఆగింది. "కొమ్మ దగ్గర ముడి వదులుగా ఉంది. గాలొస్తే పిల్లలు వాగులో పడరూ?" అని చెప్పి వెళ్లిపోయింది.

గిజిగాడికి ఏడుపొచ్చింది. అయినా పక్క కొమ్మకి పచ్చి పోచలతో ముడి బిగించి, కొత్త గూడు మొదలుపెట్టాడు. అది సగమయ్యేసరికి ఇంకొకతె వచ్చింది. గూటికి వేలాడింది, ఊగింది, గుంజింది. లోపలికెళ్లి కూర్చుంది.

గిజిగాడు కొమ్మ అంచుకి జరిగి గూట్లోకి తొంగిచూశాడు.

"మబ్బు పట్టింది, చూస్తూ నిలబడ్డావేం?" అంది లోపల్నుంచి. "గడ్డి పట్రా."