ఉన్నది ఉన్నట్టు

"తల జాగ్రత్త బాబూ, గుమ్మం కిందికి ఉంటుంది" అందావిడ.

బీమా ఆఫీసరు చెప్పులు బయట విడిచి, బుద్ధిగా తల వంచి లోపలికి వచ్చాడు. వెనకాలే ఆవిడ భర్త మాత్రం నిటారుగా నడిచి వచ్చేశాడు.

"తల!" అని అరిచిందావిడ.

"తగల్లేదులే."

"ఏనాడు విన్నారు గనక!"

ఆయన నుదుటి మీద పాత మచ్చ ఒకటుంది. ఆ గుమ్మానికి తగిలి తగిలి పడింది. అయినా వంగడం మాత్రం ఆయనకు అలవాటు కాలేదు.

కూర్చోమని ఎవరూ అనలేదు. ఆఫీసరు హాలు మధ్యలో నిలబడే విషయం మొదలుపెట్టాడు.

"ఇల్లు మొత్తం పోయిన లెక్కలో రెండు దారులున్నాయి సార్. ఒకటి, మార్కెట్ ధర. డబ్బు మీ చేతికొస్తుంది, ఎక్కడైనా కొనుక్కోవచ్చు. రెండోది, ఉన్నది ఉన్నట్టు. ఇదే స్థలంలో, ఇవే కొలతలతో మళ్ళీ కట్టుకోవడానికి అయ్యే ఖర్చు మేమిస్తాం. ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఇద్దరి సంతకాలూ కావాలి."

"మొదటిది" అన్నాడాయన.

"రెండోది" అందావిడ.

ఆఫీసరు పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఈ వయసులో మేస్త్రుల వెంట తిరిగే ఓపిక నాకు లేదు. లిఫ్టున్న ఫ్లాటు చూసుకుందాం. హాయిగా కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు."

"మీరెక్కడున్నా అలాగే కూర్చుంటారు. దానికి ఫ్లాటు దేనికి?"

ఆవిడ ఆఫీసరును వంటింట్లోకి తీసుకెళ్ళింది. అతను టేపు పరిచి పొడవూ వెడల్పూ కొలిచాడు.

"గట్టు సరిగ్గా నా నడుం ఎత్తు. రాసుకోండి. అటు పక్క కిటికీ. ఎడమ రెక్క సరిగ్గా పడదు. అదీ రాసుకోండి."

"లోపాలు కూడా రాయాలా అమ్మా?"

"ఉన్నది ఉన్నట్టు అన్నది మీరే కదా!"

"నా గురక కూడా రాయించు" అన్నాడాయన హాల్లోంచి.

"అది మీతోపాటే వస్తుంది. కంపెనీ వాళ్ళు ఇవ్వక్కర్లేదు."

ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ టేపు చుట్టాడు.

పడగ్గది కొలతలూ అయ్యాయి. ముగ్గురూ తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆయన కాస్త మెత్తబడ్డాడు.

"సరే, ఒక్క షరతు. ఈ గుమ్మం జానెడు ఎత్తు పెంచితే సంతకం పెడతాను."

"పెంచితే ఉన్నది ఉన్నట్టు కాదు కదా సార్" అని నసిగాడు ఆఫీసరు.

"పెంచితే అది అత్తయ్య గుమ్మం ఎలా అవుతుంది?" అందావిడ. ఆఫీసరు వైపు తిరిగింది. "మా అత్తగారు బాబూ. ఇల్లు కట్టేటప్పుడు ఎంత ఎత్తు పెట్టాలని మేస్త్రి అడిగితే, తనే వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడిందట. ఇంతకంటే పొడుగు వాళ్ళు మా ఇంట్లో లేరు, పెట్టెయ్ అందట. అప్పటికి ఈయన ఇంకా పాకుతున్నారు."

"నేనింత పెరుగుతానని ఎవరనుకున్నారు" అని గొణిగాడాయన.

ఆవిడ నవ్వలేదు.

"ఆవిడ ఎంత ఎత్తుండేదో తెలిసే చోటు ఇంకెక్కడుందండీ మనకి?"

ఆయన పెన్ను కోసం చెయ్యి చాపాడు. భార్య పేరు పక్కన తన సంతకం పెట్టాడు.

"గుమ్మం ఎత్తు ఎంతని రాయమంటారు సార్?" అడిగాడు ఆఫీసరు.

"ఇక్కడిదాకా" అని నుదుటి మీది మచ్చ చూపించాడాయన.

ఆఫీసరు ఆయన పాదం దగ్గర్నుంచి మచ్చ దాకా టేపు లాగి, కొలత రాసుకున్నాడు.

"ఇక వెళ్దామా?" అందావిడ.

ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆయన, పైన ఆకాశం తప్ప మరేమీ లేని ఆ చోట తల వంచి, కాలిన నేల మీద సున్నంతో గీసిన గుమ్మాన్ని దాటాడు.