మురుగు కరువు

"ఇందులో మురుగు లేదు. పరీక్ష కుదరదు," అంది మిసెస్ గ్రీర్.

ఎమిల్ హుడాక్ కాలువలోకి వంగి చూశాడు. "మురుగు లేదా? మేడం, ఇది మురుగు కాలువ!"

"కావచ్చు. ఇప్పుడు పారుతున్నవి మాత్రం వాన నీళ్లు." ఆవిడ కాలువలో ముంచిన కాగితం ముక్కని అతని ముక్కు దగ్గర పెట్టింది. "మురుగుంటే ఇది ఆకుపచ్చగా మారాలి. ఏదీ?"

పంపు హౌస్ బయట వాన దంచేస్తోంది. పెన్సిల్వేనియాలో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, కొండ మీది ఇళ్ల మురుగుకీ వాన నీళ్లకీ ఒకటే గొట్టం. గట్టి వాన పడిందా, గొట్టం పట్టక రెండూ కలిసి నదిలోకి పొర్లుతాయి. అలా పొర్లే నీళ్లలో క్లోరిన్ మందుని చిటికెలో కలిపేసే యంత్రాన్ని ఎమిల్ తన షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేశాడు. అది క్రిముల్ని చంపుతుందని ప్రభుత్వం తరఫున ఈవిడ ఒప్పుకోవాలి. గడువు ఇవాళ్టితో సరి. తప్పితే మునిసిపాలిటీ దాన్ని ఊడబీకి పాత ఇనుములో పడేస్తుంది. వేసవంతా చినుకు లేదు. ఇవాళ దేవుడు కరుణించాడు. ఈవిడ కరుణించడం లేదు.

"నీళ్ల రంగు చూడండి మేడం!"

"అది రోడ్డు మట్టి."

"పోనీ, వాసన చూడండి!"

ఆవిడ నిజంగానే వంగి వాసన చూసింది. "మా పెరటి వాగు ఇంతకన్నా కంపు కొడుతుంది."

పంపుల ఆపరేటర్ క్లైడ్ పొట్లం విప్పి సాండ్‌విచ్ బయటికి తీశాడు. "ఇన్నేళ్ల సర్వీసులో ఇక్కడ కూర్చుని తినాలనిపించడం ఇదే మొదటిసారి ఎమిల్."

"నోర్మూసుకుని తిను!" ఎమిల్ మళ్లీ ఆవిడ వైపు తిరిగాడు. "మేడం, మా కొండ మీద వాళ్లు మరీ అంత శుభ్రమైన మనుషులేం కాదు. నా మాట నమ్మండి. నిన్న మా చర్చిలో విందు. క్యాబేజీ వేసిన హలుష్కి అందరూ పీకల దాకా తిన్నారు. నేను కళ్లారా చూశాను."

"తిన్నది మీరు చూస్తే చాలదు మిస్టర్ హుడాక్. మిగతాది నాకు ఇక్కడ కనపడాలి. చావడానికి క్రిములే లేనప్పుడు మీ యంత్రం చంపిందని ఏ మొహం పెట్టుకుని రాయను?"

ఎమిల్‌కి ఏడుపొచ్చింది. మురుగు రావడం లేదని ఏడ్చిన మగాడు ఆ లోయలో అంతకు ముందు పుట్టి ఉండడు. ఆవిడకి కూడా కొంచెం జాలేసినట్టుంది.

"వాన ఇంకో అరగంట ఉండేలా ఉంది. తగ్గేదాకా ఆగుతాను. ఆ తర్వాత నన్ను బతిమాలొద్దు."

ముగ్గురూ కాలువలోకి చూస్తూ నిలబడ్డారు. ఆకులు కొట్టుకుపోయాయి. ఒక టెన్నిస్ బంతి కొట్టుకుపోయింది. రావలసినది మాత్రం రాలేదు. క్లైడ్ సాండ్‌విచ్ పూర్తిచేసి వేళ్లు నాక్కున్నాడు.

అప్పుడు ఎమిల్ ఫోను మోగింది. భార్య బెర్నడెట్.

"ఏంటి? ఇక్కడ నా కొంప మునుగుతుంటే!" అని అరిచాడు.

"అరవకు ఎమిల్, అసలే ఇక్కడ అందరి ప్రాణాలూ కడబట్టి ఉన్నాయి. నీ మిషను గట్టెక్కాలని, నీ కాలువలోకి చుక్క మురుగు వదలొద్దని పొద్దున్నే ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాను. అప్పట్నుంచీ కొండ కొండంతా బిగబట్టుకుని కూర్చుంది. ఇక ఫాదర్ గారి వల్ల కావడం లేదట. పరీక్ష అయిపోయిందా, వెళ్లమని చెప్పనా?"