దాచిన నంబరు

ముందే ఒప్పేసుకుందాం. ఈ కథలో తప్పంతా కోమలిదే.

నాయన నేసే చీరలకు వెబ్‌సైట్ పెడదామని ఇంటర్నెట్‌లో పేరు కొన్నది తనే. యజమాని వివరాలు అడిగిన చోట నాయన ఫోన్ నంబరు కొట్టింది తనే. కింద 'వివరాలు దాచాలా?' అన్న గడిలో టిక్కు పెట్టకుండా ముందుకెళ్ళిందీ తనే. ఇంకేం, కొత్తగా పేర్లు కొన్నవాళ్ళ జాబితాల్లోంచి అట్లాంటి నంబర్లు ఏరుకుని ఫోన్లు చేసేవాళ్ళకు పండగే.

మర్నాడే మొదలైంది. వెబ్‌సైట్ మేం చేస్తాం సార్. లోగో గీస్తాం సార్. ఇంటర్నెట్‌లో మీ పేరు పైకి తెస్తాం సార్.

తిరుపతిలో ఉద్యోగం చేసే కోమలి నగరిలోని ఇంటికి ఎప్పుడు ఫోన్ కలిపినా ఒకటే పాట: మరొకరితో మాట్లాడుతున్నారు.

వ్యాపారం మాత్రం బాగానే ఉంది. వీధిలో మరమగ్గాలు ఒక్కోటీ పాత ఇనుము కింద వెళ్ళిపోతుంటే, నాయన సుబ్రమణ్యం మగ్గం ఆగలేదు. చీరలు కొరియర్‌లో పోతూనే ఉన్నాయి. అంతా తన వెబ్‌సైట్ మహిమేనని కోమలి లోలోపల మురిసింది. దాంతోపాటే భయం. చీర కావాలని చేసేవాళ్ళకు లైన్ దొరక్కపోతే? విసుగొచ్చి ఇంకో కొట్టు చూసుకుంటే? ఈ మగ్గమూ ఇనుమే.

ఆదివారం ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఆ జాబితాలో నంబరు దాచాలంటే ఓటీపీ కావాలంది పేరు అమ్మిన సైటు. ఓటీపీ వచ్చేది నాయన ఫోన్‌కి. నాయనేమో ఆ ఫోన్‌లోనే ఉన్నాడు.

"అట్నా అబ్బయ్యా... మీయమ్మ బాగుండాదా? పండక్కి ఊరికి పోతావా? ఉత్త చేతుల్తోనా పోయేది?"

"నాయనా, ఓటీపీ సూడు!"

"ఉండు మే. పాపం, పిల్లోడు మాట్లాడతా ఉండాడు."

గడువు దాటిపోయింది. మళ్ళీ పంపమంది. ఈసారి చెన్నై నుంచి ఇంకొకడు. నాయన హాయిగా అరవంలోకి దిగాడు. ఆ ఓటీపీ కూడా గంగలో కలిసింది.

"వాళ్ళేమన్నా నీ చుట్టాలా నాయనా? పెట్టెయ్!"

"మొగాన కొట్టినట్టు ఎట్ల పెట్టేసేది? వాళ్ళూ మన మాదిరే, ఏదో అమ్ముకునేటోళ్ళే కదా!"

కోమలి ఫోన్ లాక్కుంది. అంకెలు కొట్టింది. టిక్కు పెట్టింది.

"అబ్బ! ఇంక సూడు, చీరలు కొనేటోళ్ళు తప్ప ఎవురూ చెయ్యరు."

సుబ్రమణ్యం ఏదో అనబోయాడు. బస్సుకు టైమైందని కోమలి అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

నెల తర్వాత మళ్ళీ ఇంటికొచ్చేసరికి వీధి మలుపు దగ్గరే తేడా తెలిసింది. మగ్గం చప్పుడు లేదు. నాయన మూగబోయిన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొరియర్ వాడు ఇటువైపు రావడమే మానేశాడట.

కోమలి వెబ్‌సైట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఫొటోలు ఉన్నాయి. ధరలు ఉన్నాయి. ప్రతి చీర కిందా నాయన నంబరు ఉంది.

"అంతా బాగానే ఉండాది కదా నాయనా! కొనేటోళ్ళంతా యాడికి పోయినారు?"

సుబ్రమణ్యం కూతురి వైపు జాలిగా చూశాడు.

"నువ్వే కదమ్మా టిక్కు పెట్టి వాళ్ళని రానీకుండా చేస్తివి, ఇన్నాళ్ళూ వాళ్ళమ్మలకని మన చీరలు కొనిందంతా ఆ లోగోల పిల్లోళ్ళే!"