లోపలి వరస కుట్టు

టైలర్ కస్తూరి మూడేళ్ల కిందట కూతురు హారిక హాస్టల్ యూనిఫామ్ టాప్‌కి పక్కల్లో రెండు వరసల కుట్లు వేసింది. పిల్ల ఎదిగాక లోపలి వరస విప్పితే టాప్ వదులవుతుంది. ఇప్పుడు హారికకి పదహారు నిండాయి. ఆ వరస విప్పే పని ఒక్కసారీ పడలేదు.

ఎందుకు పడుతుంది? కోచింగ్ హాస్టల్లో చదువు మీంచి ధ్యాస మళ్లకూడదని పిల్లలందరికీ చెవి వెనక మందు బిళ్ల అంటిస్తారు. ఆడపిల్లని పెద్దమనిషిని చేసే మెదడులోని హార్మోన్‌ని అది నిద్రపుచ్చుతుంది. ర్యాంకు వచ్చాకే తీస్తారు. ఊరంతా దీనికి అలవాటుపడిపోయింది. కానీ ఎదురింటి పిల్లకి బిళ్ల తీసి రెండేళ్లయినా ఆ హార్మోన్ నిద్ర లేవలేదు. ఇక పిల్లలు పుడతారో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అది విన్న పూటే కస్తూరి హాస్టల్‌కి బస్సెక్కింది.

“కొందరికి లేటవుద్దమ్మా,” అంది వార్డెన్. “ర్యాంకులొచ్చాక అందరికీ కలిపి ఆడిటోరియంలో మేమే ఫంక్షన్ చేస్తాం. ఓణీలు కూడా యూనిఫామే.”

“నా పిల్ల ఎప్పుడు పెద్దదవ్వాలో మీ టైంటేబుల్లో రాసుకున్నారా?”

“సంతకం మీదేగా.”

వార్డెన్ ముందుకు తోసిన బిళ్ల ఒప్పుకోలు కాగితం మీద నిజంగానే తన సంతకం ఉంది. దాని కింద గర్వంగా గీత కూడా గీసింది. కస్తూరికి ఒళ్లు మండిపోయింది, ఆ సంతకం పెట్టిన చేతి మీద కూడా.

హారికని పిలిపించారు. తల్లి చెయ్యి చెవి వైపు రాగానే ఆ పిల్ల అరచేత్తో బిళ్లని మూసేసింది. “వద్దమ్మా. తీస్తే లాస్ట్ సెక్షన్లో వేస్తారు.”

“వెయ్యనీ.”

ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసి, బిళ్ల పీకి వార్డెన్ బల్ల మీద అంటించింది కస్తూరి. సంచిలోంచి కత్తెర తీసి, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, కూతురి టాప్‌కి లోపలి వరస కుట్లు విప్పసాగింది.