చిన్నది

ఆ పొద్దున నల్లమల మీద మబ్బు కూర్చునే ఉంది గానీ చినుకు రాలలేదు.

ఆళ్లగడ్డ అవతల, పాతకాలపు ఊరు పూడిపోయిన పాటిదిబ్బ మీద కుయ్‌మని చప్పుడు.

పురావస్తు తవ్వకాలు చేయిస్తున్న గాయత్రి తలెత్తి చూసింది. ఎవరో ఒకతను హద్దుతాడు దాటి వచ్చి, లోహాన్ని పసిగట్టే మిషను నేల మీద ఊపుతున్నాడు.

మేస్త్రీ సుబ్బరాయుడు ఒక్క అంగలో వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా, లంకెబిందెలేమన్నా పిలిచినాయా?"

కూలీలు నవ్వారు.

"దానికి కాదన్నా. నా పేరు ఓబులేసు. మాది కోయిలకుంట్ల పక్క. మా అత్తగారిది ఈ ఊరే. ఈడ తవ్వుతాండారని విని వచ్చినా."

"వచ్చి?" అంది గాయత్రి.

"పోయింది మేడమ్ ఈడ. ఎతుకుతాండా."

"ఏం పోయింది?"

అతను నేల చూశాడు.

"చిన్నది."

"ఎంత లోతున?"

"మోకాటి లోతు. గుర్తుకు రాయి పెట్టింటి. అది ల్యా ఇప్పుడు."

"పోయిన వస్తువు మోకాటి లోతున ఉంటుందా? పైన గుర్తు కూడానా!"

"మీ పికాసు ఈ వాలుకు రాకముందే ఒక్క గంట తిరగనీండి మేడమ్. మీ మనిషినే పక్కన పెట్టండి."

గాయత్రికి ఒళ్లు మండింది. మొన్న ఇలాంటి మిషన్లవాళ్లే సరదాగా వచ్చి దిబ్బంతా గుంటలు పెట్టిపోయారు. వందల ఏళ్ల మట్టిపొరలు కలిసిపోయాయి.

"మీకు సరదా. మాకు చరిత్ర. సుబ్బరాయుడూ, మిషను జీపులో పడెయ్. ఈ వాలులో ఏదో ఉందని ఇతనికి తెలుసు. ముందు ఇక్కడే తవ్వించు."

ఓబులేసు వెనక్కి నడిచాడు. తాడు బయట తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు.

"నిదానంగా తవ్వండన్నా" అన్నాడు.

"మనకే నేర్పుతాండాడు సూడు" అన్నాడొక కూలీ.

ఎండ ముదరకముందే పికాసుకు ఏదో తగిలింది. గాయత్రి గుంటలోకి దిగి బ్రష్షుతో మట్టి తుడిచింది. వెండి రావిరేకు. పసి ఆడపిల్లల మొలతాడుకు కట్టేది. దెబ్బకు మధ్యలో వంగిపోయింది.

"చూశావా! ఏ రాజుల కాలందో!"

ఇంకాస్త తుడిచింది. రేకుకు నల్లదారం ఉంది. చివకలేదు.

నైలాను దారం.

దాని పక్కన అగ్గిపుల్లలంత ఎముకలు.

సుబ్బరాయుడు తలగుడ్డ తీశాడు.

"పసిబిడ్డలు పోతే ఈ వాలుననే పూడుస్తాండ్రి మేడమ్. నాకు మతికి రాల్యా."

గాయత్రి రేకును అరచేతిలో పెట్టుకుని తుమ్మచెట్టు దాకా నడిచింది.

"మిషను... ఇప్పిస్తాను" అంది.

"ఇంకెందుకు మేడమ్."

ఓబులేసు రేకు వంపును బొటనవేలితో నొక్కి సరిచేయబోయాడు. సరి కాలేదు.

"కాన్పుకొచ్చి ఈడనే కనింది మా ఆమె. ఇది మాత్రం ఒంటిమీది నుంచి తీయనీల్యా."

తుమ్మచెట్టు కిందే మళ్లీ పూడ్చారు. గుంట గాయత్రే తీసింది, తన తాపీతో.

అందరూ బోరు దగ్గర తానం చేసి వచ్చారు. సుబ్బరాయుడు సద్ది విప్పి జొన్నరొట్టె మీద ఊరిబిండి పచ్చడి పెట్టి అందరికీ అందించాడు.

గాయత్రి ఆ తండ్రి ఎదుట నేల మీద కూర్చుని తలెత్తకుండా తింది.