వదులు

"ఆపు నాన్నా! ఇంజన్ ఆపెయ్!"

కారు కింద పడుకున్న కూతురు కెవ్వున అరిచింది. ఇంటి ముందే తండ్రీ కూతుళ్ళు కలిసి బిగించిన కొత్త ఆయిల్ కూలర్ పైపు దగ్గర్నుంచి ఆయిల్ చివ్వున ఆమె మొహం మీదికి చిమ్మింది.

ఇంజన్ ఆగింది. తండ్రి కారు దిగి పరుగున వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. "కళ్ళలో పడిందా తల్లీ? కాలిందా? మాట్లాడవే, నా పై ప్రాణం పైనే పోయింది!"

"నాకేం కాలేదు. ఉండు, చూడనీ."

పైపు నట్టు వేలితో తాకితేనే గిర్రున తిరిగింది.

"ఇది నువ్వు బిగించిందే కదా నాన్నా?"

"నా బలమంతా పెట్టి బిగించానే! ఆ స్పానరే అరిగిపోయింది, దరిద్రపుది."

పొద్దున టీ గ్లాసు చేజారినప్పుడు గ్లాసు మరీ నున్నగా ఉందన్నాడు. నిన్న చొక్కా గుండీ పెట్టుకోలేక గుండీని తిట్టాడు. అప్పుడు ఆమె పడీపడీ నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. బయటికి పాకి వచ్చి, చెయ్యి శుభ్రంగా తుడుచుకుని చాపింది.

"నా చెయ్యి పట్టుకో నాన్నా. గట్టిగా."

పట్టుకున్నాడు.

"ఇంకా గట్టిగా."

"ఇంతకన్నానా? నీకు నొప్పెట్టదూ?" అన్నాడు తండ్రి.