రాట్నం తిరుగుతోంది

నాగావళి పొంగి రాజాం బస్సులు ఆగిపోయిన ఏడు అది. కాలేజీకి దారి లేక దీపిక పొందూరులో అమ్మమ్మ ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, మళ్లీ తిప్పుతన్నావేటి?" అని వంటింటివైపు కేకేసింది.

"నానేటి తిప్పుతానే? పప్పు ఎనుపుతన్నాను," అంది కూర్మమ్మ లోపల్నించి.

కూర్మమ్మ కంటికి ఆపరేషనై ఇంకా వారం తిరగలేదు. వంగి నూలు వడికితే చూపు దెబ్బతింటుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈ నెల నూలు ఇవ్వకపోతే ఖాదీ సంఘంలో తన వంతు దూది ఇంకొకరికి పోతుందని ఆవిడ బెంగ. చెబితే వినే మనిషి కాదు. అందుకే దీపిక నడవలో ఉన్న రాట్నం చక్రానికి చిన్న అయస్కాంతం అంటించి, పక్కన సెన్సర్ పెట్టి, తీగ లాగి ల్యాప్‌టాప్‌కి కలిపింది. చక్రం కదిలితే నల్ల తెర మీద 'రాట్నం తిరుగుతోంది' అని పడుతుంది.

చిక్కల్లా ఒకటే. కాలేజీ ప్రాజెక్టుకి కావలసినవన్నీ కూడా ఆమె ఆ తెరమీదే టైపు చేసుకోవాలి. సగం కొట్టేసరికి మధ్యలో రాట్నం కబురు వచ్చి పడేది. తను రాసిందేదో, అది రాసిందేదో తెలిసేది కాదు.

"నువ్వు మాటాడుతుంటే తాత అడ్డొచ్చినట్టుంది అమ్మమ్మా."

"మీ తాత ఏనాడు మాటాడినాడే, అడ్డు రాడానికి?"

పెరటి వసారాలో తాత జగన్నాధం మొహం మీద తుండు కప్పుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. మోకాళ్లు పట్టేసి మగ్గం దిగిన దగ్గర్నుంచీ ఆయనకదే పని. ఆ వీధిలో మగాళ్లది మగ్గం, ఆడాళ్లది రాట్నం; మగాడు రాట్నం జోలికి పోతే ఊరంతా నవ్వుతుంది.

దీపిక ఆలోచించి ఒక ఏర్పాటు చేసింది. తను టైపు చేస్తున్నంతసేపూ రాట్నం కబుర్లు వెనకే ఆగాలి. ఎంటర్ నొక్కాకే బయటికి రావాలి. తెర శుభ్రపడింది. కానీ ఆలస్యంగా వచ్చిన కబురు చూసి నడవలోకి పరిగెత్తేసరికి పీట ఖాళీగా ఉండేది, చక్రం ఆగిపోయి ఉండేది, కూర్మమ్మ వంటింట్లో ఉండేది.

"దొరక్కుండా బాగానే పరిగెడతన్నావు."

"పరిగెత్తే కాళ్లే నాకు? సోద్యం కాకపోతే."

"మరి ఈ నూలు ఎవరు తీసినట్టు?"

కూర్మమ్మ కదురు మీది నూలు వేళ్లతో తడిమింది. "ఇది నూలేటే? నులక తాడు. సచ్చినా నానిలాటిది తియ్యను."

"కన్ను ఆనకపోతే అలాగే వస్తాది. ఇంక నీతో నావల్ల కాదు. రేపు ఈ రాట్నం సంఘానికి అప్పజెప్పేస్తాను. నీకు కన్ను ఎక్కువా, దూది ఎక్కువా?"

కూర్మమ్మ నల్లద్దాల కిందనుంచి నీళ్లు జారాయి. వసారాలోకి వెళ్లి మంచం పక్కన కూలబడింది.

"ఇన్నావా? నీ మనవరాలు నన్ను దొంగని సేసింది. రేపట్నించి నాకు రాట్నం లేదట."

జగన్నాధం తుండు తియ్యలేదు. "ఊఁ" అన్నాడు, అంతే.

మర్నాడు పొద్దున్నే జగన్నాధం ఊరంతా చూస్తుండగా వీధి అరుగు మీద రాట్నం ముందు కూర్చుని, అదే నులక తాడు లాంటి నూలు వడికాడు.